కిల్‌షానా బంతిగోడ

చీకటి పడ్డాక బంతిగోడ దారిన పోవద్దని మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పరు. చెప్పాల్సిన పని లేదు. నడక నేర్చినప్పుడే ఆ సంగతీ తెలిసిపోతుంది.

మూడు వైపులా గోడలు, నాలుగోవైపు ఖాళీ. పైన కప్పు లేదు. ఎదుటి గోడ ముప్ఫై అడుగుల ఎత్తు. అరచేత్తో బంతి కొట్టి ఆడుకోవడానికి మా తాతల కాలంలో కట్టారు. తర్వాత హర్లింగ్ ఆడే మా కుర్రాళ్ళు... అరచేత్తో కాకుండా కర్రతో బంతి కొట్టే ఆట అది... కర్రలు పట్టుకొచ్చి అక్కడే సాధన చేసేవాళ్ళు. ఆ గోడ కిందే మర్తీ గెరిన్ పోయాడు. గోడ మీద చిక్కుకున్న బంతి తీద్దామని ఎక్కాడు... ఫిబ్రవరి మంచు... కాలు జారింది. ఇరవై నాలుగేళ్ళు వాడికి.

ఆ వేసవిలో మొదలైంది చప్పుడు.

ఠప్... టక్. ఠప్... టక్.

గోడకి బంతి తగిలేది ఒకటి. కర్రకి తగిలేది ఒకటి. అదీ వెన్నెల ఉన్నప్పుడే. పాల లారీ డోనీ విన్నాడు, ఆ తర్వాత మూడు మైళ్ళు ఎక్కువైనా చుట్టుదారినే పోయాడు. బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ విని, సైకిలు అక్కడే పారేసి ఇంటికి పరుగెత్తింది. మర్నాడు పట్టపగలు ఆ సైకిలు తెచ్చుకోవడానికి ఇద్దరిని తోడు తీసుకెళ్ళింది.

"మర్తీ ఇంకా ఆడుతున్నాడు" అనుకునేవాళ్ళం. బతికున్నప్పుడు ఒక్కరోజు మాననివాడు, పోయాక మాత్రం ఎందుకు మానతాడు?

ఈ కథ నాకు చెప్పింది థేడీ కాన్సిడైన్. అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి. ఆదివారం మ్యాచ్‌లకు నా కారులోనే వచ్చేవాడు. ఒకసారి మేం ఓడి తిరిగొస్తుంటే, బంతిగోడ దగ్గర "కాస్త ఆపు" అన్నాడు. ఇంజను ఆపాను. అద్దం దించి చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు, గాలి తప్ప. అప్పుడు మొదలుపెట్టాడు.

*

మా క్లబ్బు చరిత్ర చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఓడిపోయాం. ఏటా ఓడిపోయాం. ఒక్క పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో తప్ప.

ఆ ఏడు క్లేర్ కౌంటీ... మా జిల్లా అన్నమాట... ఫైనలుకు వెళ్ళాం. చివరి నిమిషానికి రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. గోలు పడితే మూడు పాయింట్లు. గోలు ముందు పదిమంది కలబడ్డారు, కర్రలు విరిగాయి, దుమ్ము లేచింది... ఆ దుమ్ములోంచి బంతి వెళ్ళి వల్లో పడింది. కిల్‌షానా గెలిచింది. మళ్ళీ ఇప్పటిదాకా గెలవలేదు.

ఆ గోలు మర్తీ గెరిన్‌ది అని పేపర్లో పడింది. ఊరంతా అదే అంది. మర్తీని భుజాల మీద మోశారు. ఆ మోసిన భుజాల్లో ఒకటి థేడీది.

"ఆ బరువు నా భుజం మీంచి మళ్ళీ దిగలేదురా" అన్నాడు నాతో.

ఎందుకంటే బంతి వల్లోకి పోయినప్పుడు థేడీ కూడా అక్కడే ఉన్నాడు. మర్తీకి బారెడు దూరంలో. ఆ రాత్రి సారా కొట్టులో నాలుగో గ్లాసు దగ్గర, "నా కర్రకి తగిలే పోయిందిలే" అని నవ్వుతూ అన్నాడు. అందరూ నవ్వారు. మరుసటేడు నవ్వకుండా అన్నాడు. పదేళ్ళు గడిచాక, ఎవరైనా నవ్వితే లేచి వెళ్ళిపోయేవాడు.

గెలిచిన రెండో ఏటికే పోయాడు మర్తీ. బతికి ఉంటే ఈ మంట చల్లారేదేమో. వాడికీ ఒళ్ళొచ్చేది, బట్టతల వచ్చేది, ఏదో ఒకరోజు చేతికొచ్చిన బంతి వదిలేసేవాడు, జనం తిట్టేవాళ్ళు. చచ్చినవాడు బంతి వదలడు. మైదానానికి మర్తీ పేరు పెట్టారు. కప్పుకు మర్తీ పేరు పెట్టారు. వాడు పోయిన ఏడు పుట్టిన మగపిల్లలు అయిదుగురికి మర్తీ పేరే పెట్టారు. సారా కొట్టులో థేడీ కూర్చునే బల్ల ఎదురుగానే మర్తీ ఫోటో... పాతికేళ్ళుగా అదే నవ్వు.

ఇంకోటి కూడా ఉంది. అది థేడీ నాకు చెప్పడానికి కాస్త తడబడ్డాడు.

ఆయన భార్య డీలియా. పెళ్ళికి ముందు డీలియా, మర్తీ సాయంత్రాలు బంతిగోడ దగ్గర కనిపించేవాళ్ళని ఊళ్ళో ఒక మాట ఉండేది. మర్తీ పోయిన ఏడాదికి థేడీ అడిగాడు, డీలియా సరేనంది. పెళ్ళయింది. పిల్లలు కలగలేదు. మూడో ఏట ఆమె సొరుగులో, చేతిరుమాళ్ళ కింద, ఒక హర్లింగ్ బంతి దొరికింది.

తెల్లటి తోలు. కుట్లు అరిగిపోయి ఉన్నాయి.

ఎవరిదని అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం. పొద్దున్నే తీసుకెళ్ళి ఊబినేలలో విసిరేశాడు. ఆమె కూడా అడగలేదు. అది ఇంకా ఘోరం. అడగలేదంటే... మనసులో పెట్టుకుందన్నమాట.

*

ఎనభై నాలుగుకి, హర్లింగ్ నడిపే మన దేశపు ఆటల సంఘం మొదలై వందేళ్ళు. ప్రతి క్లబ్బూ తన చరిత్ర పుస్తకం వేసుకుంటోంది. మావాళ్ళూ వేద్దామన్నారు. రాసేదెవరు? ఇరవై ఎనిమిదేళ్ళుగా కార్యదర్శి థేడీ. మినిట్స్ పుస్తకాలన్నీ ఆయన ఇంట్లోనే, బీరువా పైన.

ఏడాది పాటు రాశాడు. చర్చి ఫాదర్లు, మైదానం కొన్న వైనం, ఏ ఏడు ఎవరు కెప్టెను... అన్నీ పొల్లుపోకుండా రాశాడు. యాభై ఎనిమిది దగ్గరికి వచ్చి కలం ఆగింది. మూడు వారాలు ఆగింది. తర్వాత ఇలా రాశాడు — *గెరిన్ కొట్టిన బంతి పక్కకు పోతుండగా, కాన్సిడైన్ దాన్ని వల్లోకి తిప్పాడు.*

ఒక్క వాక్యం. రాశాక, అది నిజంగానే జరిగినట్టు కళ్ళకు కట్టిందట.

నవంబరులో ఒక సాయంత్రం క్లబ్బు హాల్లో కమిటీ కూర్చుంది. మా దగ్గర నవంబరులో అయిదింటికే చీకటి. వారం రోజులు వాన కురిసి అప్పుడే తెరిపిచ్చింది. అధ్యక్షుడు పీడర్ లోహన్, మాంసం కొట్టు ఆయన. టీ పోసేది బ్రైడీ, మర్తీ అక్క. థేడీ నిలబడి ఆ అధ్యాయం చదివాడు.

ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"మళ్ళీ చదువు" అన్నాడు పీడర్.

చదివాడు.

"థేడీ, గోలు మర్తీది కదయ్యా."

"దగ్గరున్నది నువ్వా, నేనా?"

"నువ్వే. పేపరు వాళ్ళు, మూడువేల మంది జనం కూడా ఉన్నారు మరి."

"రాసేది వాళ్ళు కాదు. నేను."

"ఒరేయ్, చచ్చినవాడి దగ్గర తీసుకుంటావురా? వాడికున్నది అదొక్కటే!"

బ్రైడీ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, థేడీ ముందున్న కప్పు... సగం టీ ఇంకా ఉంది... తీసుకుని వెళ్ళి సింకులో పారబోసింది. కప్పు కడిగి బోర్లించింది. అందరూ చూశారు.

థేడీ కాగితాలు చుట్టి కోటులో దోపుకుని బయటికొచ్చేశాడు. ఇంకా ఆరున్నర కూడా కాలేదు. మామూలుగా ఆ సమావేశాలు తొమ్మిదికి గానీ తెమలవు.

ఇంటికి రెండే దారులు. ఏటి వంతెన మీంచి ఒకటి. ఇరవై నాలుగేళ్ళుగా చీకట్లో ఆయన నడిచింది ఆ దారే. ఆ రోజు వంతెన దాకా వెళ్ళేసరికి నీళ్ళు. రోడ్డు లేదు, గోడలు లేవు, నల్లటి నీళ్ళు కదులుతూ... మధ్యలో ఎవరిదో గడ్డిమోపు తేలుతోంది.

వెనక్కి హాలుకు పోవడమా? పీడర్ ముందుకు, బ్రైడీ ముందుకు?

చచ్చినా పోడు.

రెండో దారి పట్టాడు.

*

సందు ఇరుకు. రెండు వైపులా ముళ్ళపొదలు. చంద్రుడు అప్పుడే పైకి వచ్చాడు, దాదాపు నిండుగా. ముందు తన బూట్ల చప్పుడే విన్నాడు. తర్వాత కాగితాల చప్పుడు, అడుగు వేసినప్పుడల్లా కోటులో గరగరమంటూ. తర్వాత...

ఠప్... టక్.

ఆగాడు. చప్పుడూ ఆగింది.

నీటిబొట్లేమో. కొమ్మ ఏమో. అడుగు వేశాడు.

ఠప్... టక్. ఠప్... టక్. ఠప్ — టక్ — ఠప్ — టక్ —

ఆటగాడు కదా, ఆ చప్పుడు ఆయనకి తెలుసు. అది కొమ్మ కాదు. గాలి కాదు. నేల మీద దొర్లుతున్న బంతిని దొర్లుతుండగానే కొట్టే దెబ్బ. ఎడమ వైపు నుంచి. క్లబ్బు మొత్తంలో అలా కొట్టగలిగినవాడు ఒక్కడే.

మలుపు తిరిగితే బంతిగోడ. పొదల మీంచి ఎత్తుగా, తెల్లగా, కోరపన్నులా కనిపించింది. ఆ తెల్లటి గోడ మీద నీడ ఒకటి. పొడుగ్గా ఉంది. తల మీద టోపీ. నీడ వంగింది... కర్ర వెనక్కి లేచింది... టక్... ఠప్.

వెనక్కి తిరిగితే వీపు దానివైపు పెట్టాలి. ముందుకు వెళితే దాన్ని దాటాలి. అలా నిలబడిపోయాడు, గొంతులో ప్రార్థన సగానికి వచ్చి ఆగిపోయింది, మిగతా సగం గుర్తుకు రావడం లేదు.

టక్... అన్న చప్పుడు ఈసారి గోడ వైపు కాకుండా ఇటు వచ్చింది.

గోడ లేని ఆ నాలుగోవైపు నుంచి ఏదో తెల్లగా దొర్లుకుంటూ వచ్చింది. తడి గడ్డి మీద, మెల్లగా... ఇంకా మెల్లగా... ఆయన ఎడమ బూటుకు తగిలి ఆగింది.

బంతి.

నీడ గోడ మీద లేదు.

గులకరాళ్ళ మీద అడుగులు వినిపించాయి. ఒకటి. రెండు. ఆగాయి. గోడ మూలకు అవతల, చీకట్లో, ఎవరో ఊపిరి తీస్తున్నారు.

ఆ బురదలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు థేడీ. కోటులోంచి కాగితాలు లాగి ముందు పెట్టాడు.

"మర్తీ..." కాగితాల్ని కాస్త ముందుకు నెట్టాడు. మళ్ళీ అన్నాడు. "మర్తీ... గోలు నీదేరా."

అవతల ఊపిరి వినిపిస్తూనే ఉంది.

"నేను తాకలేదు. నా కర్ర గాల్లో ఉంది. నేను... నేను కళ్ళు మూసుకున్నానురా. కర్రలు మొహం మీదికి వస్తుంటే భయమేసి కళ్ళు మూసుకున్నా. జనం అరిస్తే గానీ గోలు పడిందని నాకు తెలీదు. ఎటు నుంచి పోయిందో కూడా చూడలేదు..." ఏడుపొచ్చింది ఆయనకి. "నీకు అన్నీ ఇచ్చార్రా. పేరిచ్చారు. మైదానం ఇచ్చారు. డీలియా కూడా ముందు నీదేగా... నాకు మిగిలింది అంతా నువ్వు వదిలిపోయిందే. అందుకని ఒక్కటి తీసుకుందామనుకున్నా. వద్దులే. తీసేస్తా. రేపే తీసేస్తా. నన్ను పోనివ్వు."

పొద మీంచి ఒక నీటిబొట్టు జారి పడింది.

తర్వాత గోడ మూల వెనక నుంచి, లోగొంతుతో, మగదో ఆడదో తెలియని గొంతు —

"బంతి ఇటు వెయ్, థేడీ."

గుండె ఆగిపోయిందనుకున్నాడు. నిజంగా ఆగిందో ఏమో, ఆ తర్వాత కాసేపటి సంగతి ఆయనకి గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా టోపీ... తన పాత టోపీ. తన పాత కోటు, పశువుల పాకలో తగిలించి ఉంటుందే, అది. చేతిలో కర్ర. టోపీ కింద —

డీలియా.

ఆవిరి కక్కుతోంది చలిలో. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పాతికేళ్ళుగా ఆమె మొహంలో అంత రక్తం చూడలేదు ఆయన.

"లే, మోకాళ్ళు తడుస్తున్నాయి" అంది.

"నువ్వా...?"

"నేనే."

"మొదటి నుంచీ... నువ్వేనా?"

"వెన్నెల ఉన్న రాత్రులు. పెళ్ళయ్యాక, నీకు కమిటీ ఉంటేనే. మా చెల్లెలింట్లో పేకాటకి పోతున్నానంటాను కదా. నాకు పేకాట రాదు."

"ఊరు ఊరంతా దెయ్యమనుకుంటోందే!"

"అనుకోనీ. నాకు మంచిదే అయింది. పెళ్ళయిన ఆడది కర్ర పట్టుకుని గంతులేస్తోందని చెప్పుకునేకంటే, దెయ్యం ఆడుతోందని చెప్పుకోవడమే నయం."

ఆయన ఇంకా లేవలేదు. ఆమె కాగితాలు ఏరింది. వెన్నెల్లోకి ఎత్తి ఆ వాక్యం చదివింది. మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వు కళ్ళు మూసుకున్న సంగతి నాకు తెలుసు" అంది. "ఆ రోజు నేను గోలు వెనకే నిలబడి ఉన్నా."

"మరి... ఇన్నేళ్ళూ ఒక్కమాట అనలేదేం?"

"నువ్వు అడిగావా?"

ఆ మాటతో ఆయన లేచాడు. సిగ్గు అంతా ఒక్క క్షణంలో కోపమైంది. అడగాల్సింది అడిగేశాడు. "అడుగుతున్నా ఇప్పుడు. ఇక్కడ నువ్వూ మర్తీ... ఏం చేసేవాళ్ళు?"

"ఆడేవాళ్ళం."

"ఆటేనా?"

"ఆటే." కర్ర నేలకు ఆనించింది. "నీకది చిన్నదిగా ఉందా? థేడీ, మా అన్నలు ముగ్గురూ ఆడారు. ముగ్గురి కంటే నేను బాగా కొట్టేదాన్ని. ఆడపిల్లలకి ఒక జట్టు పెట్టమని పదకొండుమందిమి సంతకాలు పెట్టి కమిటీకి ఇచ్చాం. వాయిదా వేశాం అని రాసింది ఎవరు?"

రాసింది ఆయనే. కార్యదర్శి అయిన మొదటి ఏడు.

"ఈ ఊళ్ళో నాకు బంతి ఇచ్చినవాడు మర్తీ ఒక్కడే. ఇదిగో, కొట్టు అన్నాడు. అంతే. నువ్వు ఇరవై మూడేళ్ళుగా పక్కలో ఉన్నావు, ఒక్కసారి ఇచ్చావా? ఇవ్వకపోగా, సొరుగులో ఉన్నది తీసుకెళ్ళి ఊబిలో పారేశావు."

"తెలుసా నీకు?"

"మర్నాడే ఇంకోటి కొనుక్కున్నా."

ఆమె టోపీ సర్దుకుని నెమ్మదిగా అంది — "ఒక్క గోలు నీది కాలేదని నీకు ఇన్నేళ్ళ ఏడుపు. ఆదివారం ఆదివారం నీ బట్టలుతికి, బురద గీకి, మైదానం అంచున నిలబడి చప్పట్లు కొట్టాను. నాకెంత మండి ఉంటుందో ఎప్పుడైనా అనుకున్నావా? మర్తీ మీద నువ్వు ఏడ్చావు. నేను మీ ఇద్దరి మీదా ఏడ్చాను. నా వయసంతా తీసుకెళ్ళి ఈ గోడకేసి కొట్టాను."

అని, ఆయన బూటు దగ్గర బంతిని కర్ర కొసతో లాగి, గోడ కేసి కొట్టింది.

ఠప్. తిరిగొచ్చింది. దొర్లుతుండగానే, ఎడమ వైపు నుంచి... టక్. ఠప్. అదే చోట తగిలింది. మళ్ళీ. మళ్ళీ. గోడ మీద అరచేయంత మచ్చ ఒకటుంది, సున్నం రాలిపోయి. బంతి ఆ మచ్చ దాటి ఒక్కసారీ తగల్లేదు. థేడీ లెక్కపెట్టాడు. ఇరవైకి ఇరవై.

"ఇటివ్వు" అని కర్ర తీసుకున్నాడు. ఎడమ వైపు నుంచి కొట్టాడు. బంతి కర్ర కొసకు తగిలి, గోడ వైపు పోకుండా ఆయన పిక్కకే తగిలింది.

డీలియా నవ్వింది. ఆ నవ్వు సందు చివరిదాకా వినిపించింది. ఆ రాత్రి అటు పోతున్న ఎవరో అది విన్నారట. బంతిగోడ దెయ్యం ఇప్పుడు నవ్వడం కూడా మొదలుపెట్టిందని మర్నాడు ఊరంతా గుప్పుమంది.

*

పుస్తకం వచ్చింది. యాభై ఎనిమిది ఫైనల్, చివరి నిమిషం, గోలు మర్తీ గెరిన్. నా దగ్గరా ఒక ప్రతి ఉంది. థేడీ మొదటి ప్రతి స్వయంగా తీసుకెళ్ళి బ్రైడీకి ఇచ్చాడు. ఆమె ఆ పేజీ తీసి చదువుకుని, మూసి, కెటిల్ పొయ్యి మీద పెట్టిందట.

ఆడపిల్లల జట్టు పెట్టాలని థేడీయే కమిటీలో అన్నాడు. పీడర్ నవ్వాడు, వాయిదా వేశారు. మళ్ళీ అన్నాడు, మళ్ళీ వేశారు. నాలుగో ఏట పెట్టారు. అప్పటికి డీలియా యాభై దాటింది. మైదానం అంచునే నిలబడింది, కాకపోతే ఈసారి అరవడానికి.

ఇదంతా చెప్పి థేడీ కారు అద్దం ఎత్తేశాడు. "ఇక పోనియ్" అన్నాడు. నేను బండి కదపలేదు.

"అయితే మర్తీ మీద ఏడుపు పోయిందన్నమాట" అన్నాను.

"ఆ రాత్రితో పోయింది" అన్నాడు. "ఇరవై ఆరేళ్ళ తర్వాత మొదటిసారి వాడు నా కళ్ళ ముందుకు రాకుండా మంచం ఎక్కాను."

"మరింకేం, హాయిగా నిద్రపట్టి ఉంటుంది."

"ఎక్కడ!"

పడుకున్నారట ఇద్దరూ. దీపం తీశారు. పిక్క వాచి సలుపుతోంది. డీలియా అటు తిరిగి పడుకుంది. ఆయన వెల్లకిలా పడుకుని చీకట్లోకి చూస్తూ ఉన్నాడు. ఇరవైకి ఇరవై. పదిహేనేళ్ళ వయసు నుంచి రోజూ ప్రయత్నించినా ఆ దెబ్బ ఆయనకి పట్టుబడలేదు. మర్తీకి వచ్చిందంటే సరే, వాడు మర్తీ. కానీ రోజూ తనకి గుడ్లు ఉడకబెట్టిపెట్టే మనిషికి... తన పాత కోటు వేసుకుని... తన పాత టోపీ పెట్టుకుని...

మళ్ళీ రగులుకుంది. పాత మంటే. ఎవరి మీదన్నదే మారింది.

పన్నెండు కొట్టింది. ఒంటిగంట కొట్టింది. ఇక ఆగలేక, మెల్లగా, గొణిగినట్టు —

"డీలియా..."

"ఊఁ."

"ఎడమ వైపు నుంచి అలా ఎలా కొడతావే?"

నిద్రపోయిందేమో అనుకున్నాడు. దుప్పటి కాస్త తనవైపుకు లాక్కుంది.

"చెప్పను" అంది.